సెల్ఫ్ తిరుగుతుంది, ఇంజన్ అందుకోదు: ఆటోనగర్ మేస్త్రి గారి దగ్గర రెండు రోజులు

విజయవాడ ఆటోనగర్‌లో నా కారు బాగుచేసిన ఒక చిన్న వర్క్‌షాపు గురించి రాస్తున్నాను. షాపు పేరు మాత్రం రాయను. రాస్తానంటే మేస్త్రి గారే వద్దన్నారు. "ఉన్న బళ్లకే నీడ లేదమ్మా, ఇంకో నాలుగొస్తే ఎక్కడ పెట్టను?" అన్నారు. ఆయన మాట కాదనలేక పేరు వదిలేశాను. ఆయన చేసిన పని మాత్రం పూర్తిగా చెప్తాను. ఇలాంటి జబ్బుతో తిరుగుతున్న కారు మీకూ ఉంటే, మీ ఊళ్లో మెకానిక్‌ను ఏం అడగాలో తెలుస్తుంది.

మాది ఉయ్యూరు. నేను విజయవాడలో ఒక జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెప్తాను. రోజూ బందరు రోడ్డు మీద రానూపోనూ అరవై కిలోమీటర్ల దాకా అవుతుంది. కారు 2014లో కొన్న చిన్న పెట్రోలు కారు, మాన్యువల్ గేరు, ఎనభై ఆరు వేల కిలోమీటర్లు తిరిగింది. ఏప్రిల్ వరకూ ఏ పేచీ పెట్టలేదు.

ఏప్రిల్ రెండో వారంలో ఒక మధ్యాహ్నం కంకిపాడులో ఆగాను. అత్తయ్యకు విజయవాడలో కళ్ల పరీక్ష చేయించి తీసుకొస్తున్నాను. మందుల షాపు ముందు కారు ఆపి, ఏసీ లేకపోతే ఆవిడ ఉండలేరని ఆవిణ్ణీ షాపు లోపల కూర్చోబెట్టి, పావుగంటలో మందులు తీసుకుని బయటికొచ్చాం. తాళం తిప్పితే సెల్ఫ్ బ్రహ్మాండంగా తిరుగుతోంది. గిర్రు గిర్రు గిర్రుమని అదే శబ్దం, అదే జోరు. ఇంజన్ మాత్రం అందుకోవడం లేదు. ఒక్కసారి కూడా దగ్గినట్టయినా లేదు. రోడ్డు మీద ఎండ నలభై రెండు డిగ్రీలు ఉండి ఉంటుంది. అత్తయ్యకు షుగరు. ఆ పూట ఆవిడ మొహం చూస్తూ తాళం తిప్పిన క్షణాలు నేను మర్చిపోలేను. చివరికి ఆటోలో ఇంటికి పంపించి, మెకానిక్‌కు ఫోన్ చేసి, కారు దగ్గర నిలబడ్డాను. ముప్పావుగంట తర్వాత అతను వచ్చి తాళం తిప్పగానే మొదటి దెబ్బకే స్టార్టయింది.

ఆ తర్వాత నెల రోజుల్లో జరిగిందంతా ఈ చివరి వాక్యంలోనే దాగుంది. అప్పుడు నాకు తెలియలేదు.

మొదట తీసుకెళ్లింది నేను ఎప్పుడూ సర్వీసు చేయించుకునే గ్యారేజీకి. పేరు అనవసరం. వాళ్లు నన్ను మోసం చేశారని అనను. ఊహించి పనిచేశారని మాత్రం అంటాను. మొదటిసారి బ్యాటరీ మార్చారు. పాత బ్యాటరీ నాలుగేళ్లది కాబట్టి నేనూ సరేనన్నాను. అయిదు వేల రెండొందలు. వారం తర్వాత పెనమలూరు పెట్రోలు బంకులో గాలి కొట్టించుకుని వచ్చేసరికి మళ్లీ అదే. ఈసారి ప్లగ్గులన్నారు, వాటికి కరెంటు పంపే కాయిల్స్ శుభ్రం చేయడమన్నారు. పంతొమ్మిది వందలు. పది రోజుల తర్వాత మళ్లీ. అప్పుడు పెట్రోలు పంపు అన్నారు. వెనక సీటు ఎత్తి, ట్యాంకులో ఉన్న పంపు మొత్తం తీసి కొత్తది వేశారు. ఏడు వేల నాలుగొందలు. మూడూ కలిపి పద్నాలుగు వేల అయిదొందలు.

ప్రతిసారీ పని అయ్యాక కారు స్టార్టయింది. బ్యాటరీ మార్చాక స్టార్టయింది, ప్లగ్గులు మార్చాక స్టార్టయింది, పంపు మార్చాక స్టార్టయింది. వాళ్లూ నమ్మారు, నేనూ నమ్మాను. ఆ భాగం మార్చడానికి పట్టిన గంటా రెండు గంటల్లో ఇంజన్ చల్లారిపోయేదని, చల్లారితే ఏ రిపేరూ లేకుండానే స్టార్టయ్యేదని ఎవరికీ తట్టలేదు. పిల్లలకు ప్రయోగం చేసేటప్పుడు ఒకసారికి ఒక్క అంశమే మార్చాలని ఇరవై ఏళ్లుగా చెప్తున్నాను. ఇక్కడ భాగంతో పాటు ఉష్ణోగ్రత కూడా మారిపోతోంది. అది నాకు కనపడలేదు.

మా కాలేజీ ల్యాబ్ అసిస్టెంటు ఆటోనగర్ మేస్త్రి గారి దగ్గరికి వెళ్లమన్నారు. మే మూడో వారంలో ఒక బుధవారం ఉదయం వెళ్లాను. బందరు రోడ్డు మీద గేటులోంచి లోపలికి వెళ్తే లేత్ షాపులు, లారీ బాడీలు కట్టే షెడ్లు, రేడియేటర్లు అతికేవాళ్లు, సీట్లు కుట్టేవాళ్లు వరసగా ఉంటారు. అవన్నీ దాటి ఒక సందులో రేకుల షెడ్డు, దాని ముందు వేపచెట్టు. షెడ్డులో రెండు బళ్లు, చెట్టు కింద మూడు. మేస్త్రి గారికి అరవై దాటి ఉంటాయి. సాయంగా ఇద్దరు కుర్రాళ్లు.

నా కారు బానెట్ ఆయన ఎత్తలేదు. ముందు స్టూలు వేయించి కూర్చోమన్నారు.

"సెల్ఫ్ తిరుగుతోందా, తిరగట్లేదా?"

"బాగానే తిరుగుతోందండీ. ఇంజనే అందుకోవట్లేదు."

"తిరిగేటప్పుడు శబ్దం ఎప్పటిలాగే ఉందా? తేలిగ్గా, బరువు లేనట్టు తిరుగుతోందా?"

ఎప్పటిలాగే ఉందన్నాను. టైమింగ్ బెల్టు తెగితే సెల్ఫ్ శబ్దం మారిపోతుందట. వాల్వులు కదలవు కాబట్టి సిలిండర్లలో ఒత్తిడి పుట్టదు. ఖాళీ గిలక తిప్పినట్టు సర్రున తిరుగుతుంది. ఒక్క ప్రశ్నతో ఆ అనుమానం పక్కన పెట్టేశారు.

"ఆపిన వెంటనే కొడితే స్టార్టవుతుందా? కాసేపు ఆగి కొడితేనే మొండికేస్తుందా?"

ఈ ప్రశ్న అంతకు ముందు ఎవరూ అడగలేదు. నేను కూడా ఆలోచించలేదు. వెనక్కి తిరిగి లెక్కేసుకుంటే కంకిపాడులో పావుగంట, పెనమలూరులో పది నిమిషాలు, కానూరులో కూరగాయలు కొన్నప్పుడు పావుగంట. పాస్ బుక్ కోసం బ్యాంకు ముందు ఆపి రెండు నిమిషాల్లో తిరిగొచ్చినప్పుడు మాత్రం మామూలుగానే స్టార్టయింది. కాలేజీలో ఆరు గంటలు ఆగినప్పుడు ఒక్కసారీ ఇబ్బంది పెట్టలేదు. చెప్పాను. ఆయన తల ఊపి, "నడిచేటప్పుడు ఇంజన్‌కు గాలి తగులుతుంది, నీళ్లు తిరుగుతాయి. ఆపారంటే రెండూ ఆగిపోతాయి. లోపలి వేడి బయటికి పాకుతుంది. ఆపాక పది, పదిహేను నిమిషాలు పైనున్న సామాన్లు ఇంకా వేడెక్కుతాయమ్మా. తర్వాతే చల్లారడం" అన్నారు.

ఉష్ణవహనం పాఠం నేను ఎన్నిసార్లు చెప్పి ఉంటానో. పొయ్యి ఆపాక కూడా గిన్నె మూత పిడి వేడెక్కుతూనే ఉంటుందని నేనే ఉదాహరణ చెప్తాను. నా కారు బానెట్ కింద అదే జరుగుతోందని ఆయన చెప్తే గానీ వెలగలేదు.

తర్వాత డాష్‌బోర్డు గురించి అడిగారు. తాళం ఆన్ చేయగానే ఇంజన్ గుర్తు లైటు వెలుగుతోందా, తాళంచెవి గుర్తు ఏమైనా కొట్టుకుంటోందా, సెల్ఫ్ కొట్టేటప్పుడు ఆర్పీఎం ముల్లు, అంటే ఇంజన్ నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతోందో చూపించేది, కొంచెమైనా లేస్తోందా. మొదటి రెండిటికీ జవాబు చెప్పగలిగాను. మూడోది నేనెప్పుడూ చూడలేదు. "ఈసారి చూడండి. అదే మనకు కావాల్సింది" అన్నారు.

అప్పటిగ్గానీ బానెట్ ఎత్తలేదు. ఎత్తినా ఏ భాగమూ విప్పలేదు. "ఇప్పుడు బండి బాగుంది. బాగున్న బండిలో జబ్బు వెతకలేం. జబ్బు చేసినప్పుడే నాడి చూడాలి. రెండు రోజులు ఉంచండి" అన్నారు. నిజం చెప్పాలంటే అక్కడ నాకు కొంచెం కోపం వచ్చింది. పరీక్ష పేపర్లు దిద్దే రోజులు, కారు లేకపోతే రెండు బస్సులు మారాలి. అయినా అప్పటికి పద్నాలుగు వేలు పోసి ఉన్నాను. ఒప్పుకున్నాను.

మొదటి రోజు జబ్బు బయటపడలేదు. మధ్యాహ్నం మబ్బు పట్టి గాలి వచ్చింది. కుర్రాడు కానూరు, పోరంకి దాకా తిప్పి తెచ్చి, ఆపి, పన్నెండు నిమిషాలు ఆగి కొడితే స్టార్టయింది. మూడుసార్లు చేశారు, మూడుసార్లూ స్టార్టయింది. సాయంత్రం ఫోన్ చేస్తే "ఇవాళ దొరకలేదమ్మా" అన్నారు. ఏదో ఒక భాగం మార్చి బిల్లు వేసి పంపేయగలిగే చోట ఆ మాట అనడం తేలిక కాదు.

రెండో రోజు నాకు మధ్యాహ్నం క్లాసు లేదు. వెళ్లి కూర్చున్నాను. ఒంటిగంటకు కుర్రాడు కారు తిప్పి తెచ్చాడు. వేపచెట్టు నీడలో కాకుండా ఎండలో ఆపించి, బానెట్ మూసే ఉంచి, పన్నెండు నిమిషాలు ఆగారు. తర్వాత తాళం నన్నే తిప్పమన్నారు. గిర్రు గిర్రు గిర్రుమంది. అందుకోలేదు. ఆర్పీఎం ముల్లు సున్నా మీద పడుకునే ఉంది. "దొరికింది" అన్నారు మేస్త్రి గారు. నెల రోజులుగా నన్ను ఏడిపించిన ఆ శబ్దం విని ఆ పూట నాకు సంతోషం వేసింది.

తర్వాతి పావుగంటలో ఆయన చేసిన పని వరసగా చెప్తాను, ఎందుకంటే నేను డబ్బిచ్చింది ముఖ్యంగా ఆ వరసకే.

వెనక సీటు దగ్గర ఒక కుర్రాణ్ణి చెవి పెట్టమన్నారు. తాళం ఆన్‌లోకి తిప్పగానే రెండు సెకన్లు పంపు జుయ్యిమంది. పంపుకు కరెంటు అందుతోంది. అంతటితో వదలకుండా పెట్రోలు గొట్టానికి ఒత్తిడి కొలిచే గేజీ బిగించి చూపించారు. ముల్లు మూడు బార్ల దగ్గర నిలబడింది, దిగజారలేదు. వేడికి మొండికేసే పంపులు కూడా ఉంటాయట, అందుకే మొదటి గ్యారేజీ వాళ్ల అనుమానం తప్పు కాదన్నారు. "కానీ ఈ గేజీ పెట్టి ఉంటే మీ ఏడు వేలు మిగిలేవి" అని మాత్రం అన్నారు.

తర్వాత కరెంటు. వాళ్ల భాషలో కరెంటంటే ప్లగ్గు దగ్గర నిప్పు. ఒక కాయిల్ విప్పి, దానికి వేరే ప్లగ్గు తగిలించి, ప్లగ్గు లోహాన్ని ఇంజన్‌కు ఆనించి సెల్ఫ్ కొట్టించారు. నిప్పు లేదు. ఇంజన్‌లోకి పెట్రోలు చల్లే ఇంజెక్టర్ క్లిప్పు విప్పి అందులో చిన్న బల్బు గుచ్చారు. మామూలుగా సెల్ఫ్ కొడుతుంటే ఆ బల్బు టకటకా మిణుకుమనాలి. అది కూడా చచ్చిపడి ఉంది. ఈ రెండూ చేసేటప్పుడు పెట్రోలు చెమ్మ ఎక్కడైనా ఉందేమో చూసుకుని, పక్కనున్న కుర్రాళ్లను జరగమని అరిచారు. ఇవి ఇంట్లో చేసుకునే పనులు కావు. ఆ నిప్పు షాకు కొడితే వేల వోల్టులు.

నిప్పూ లేదు, పెట్రోలు చల్లడమూ లేదు. రెండూ ఒకేసారి ఆగిపోవడం అంటే రెంటికీ పైన ఉన్నదేదో ఆగిపోయిందన్నమాట. ఇంజన్ తిరుగుతోందని కారులోని కంప్యూటర్‌కు కబురు అందితేనే ఈ రెండు పనులూ చేయిస్తుంది. ఆ కబురు పంపేది క్రాంక్ సెన్సర్. స్టీరింగు కింద ఉండే సాకెట్‌కు స్కానర్ తగిలించి నాకు చూపించారు. సెల్ఫ్ జోరుగా తిరుగుతోంది, తెర మీద ఆర్పీఎం సున్నా. కంప్యూటర్ దృష్టిలో ఇంజన్ కదలడమే లేదు. అందుకే పాత గ్యారేజీలో స్కానర్ పెట్టినప్పుడు ఒక్క తప్పు కోడూ రాలేదు. నిలబడి ఉన్న ఇంజన్‌ నుంచి కబురు రాకపోతే అది తప్పని కంప్యూటర్ ఎలా అనుకుంటుంది? చాలా కార్లలో ఈ సెన్సర్ పోతే పీ0335 అనే కోడు పడుతుంది, పడకపోయినా సెన్సర్ బాగున్నట్టు కాదు. "కోడ్ లేదు కాబట్టి సెన్సర్లన్నీ ఓకే" అని నాకు చెప్పిన మాట అక్కడ తేలిపోయింది.

ఆ తర్వాత చేసింది చూసి నేను స్టూలు మీద నుంచి లేచాను. ఒక సీసాడు చల్లటి నీళ్లు తెప్పించారు. ఇంజనూ గేర్‌బాక్సూ కలిసే చోట, కింద, వేలంత నల్లటి సెన్సర్ ఉంది. దాని చుట్టుపక్కల కనెక్టర్లు గుడ్డతో కప్పి, సన్నటి ధారగా దాని మీదే నీళ్లు పోయించారు. ఒక నిమిషం. "ఇప్పుడు తిప్పండమ్మా."

మొదటి దెబ్బకే అందుకుంది.

అయినా ఆయన అప్పుడే సెన్సర్ మార్చేద్దామనలేదు. వైరు చిట్లినా ఇలాగే ఉంటుందని, సెన్సర్ నుంచి పైకి వెళ్లే వైరును వేలితో తడుముతూ చివరిదాకా చూశారు. ఎలుక కొరికిన గుర్తు లేదు, క్లిప్పులో తుప్పు లేదు. తర్వాత సెన్సర్ విప్పి బల్ల మీద పెట్టి మీటరు తగిలించారు. చల్లగా ఉండగా అయిదొందల చిల్లర ఓములు చూపించింది. కుర్రాడు వేడిగాలి గన్నుతో కాస్త దూరం నుంచి కాచాడు. అంకె మెల్లగా పెరిగింది. రాగి తీగ వేడెక్కితే నిరోధం పెరగాలి కాబట్టి అంతవరకు సబబే. ఒకచోట ఉన్నట్టుండి అంకె మాయమైంది. లోపల తీగ తెగి, వేడికి ఆ రెండు కొసలూ ఎడమవుతున్నాయి. చల్లారితే మళ్లీ తాకుతున్నాయి. గన్ను ఆపాక నాలుగైదు నిమిషాలకు అంకె తిరిగొచ్చింది. నా కంకిపాడు మధ్యాహ్నం మొత్తం ఆ మీటరు మీద కనపడింది.

ఇంటర్ రెండో సంవత్సరంలో విద్యుదయస్కాంత ప్రేరణ అని ఒక పాఠం ఉంది. 1831లో ఫారడే కనిపెట్టింది: తీగచుట్ట గుండా వెళ్లే అయస్కాంత అభివాహం, అంటే బలరేఖల లెక్క, మారితే దానిలో వోల్టేజీ పుడుతుంది, ఎంత వేగంగా మారితే అంత ఎక్కువ. నా కారులో ఉన్న సెన్సర్ అచ్చంగా అదే. ఒక అయస్కాంతం, దాని చుట్టూ తీగచుట్ట. ఎదురుగా ఇంజన్‌తో పాటే పళ్ల చక్రం తిరుగుతుంది. ఒక్కో పన్ను దాటినప్పుడల్లా చిన్న వోల్టేజీ. చక్రం మీద ఒకచోట కావాలనే పళ్లు లేకుండా ఖాళీ వదులుతారు. ఆ ఖాళీ వచ్చినప్పుడు పిస్టన్ ఎక్కడుందో కంప్యూటర్ లెక్క కట్టుకుంటుంది. సెల్ఫ్ మీద ఇంజన్ నిమిషానికి రెండొందల చుట్ల చిల్లర తిరుగుతుంది, ఐడిలింగ్‌లో ఎనిమిదొందల దాకా. కాబట్టి స్టార్ట్ చేసేటప్పుడే ఈ సెన్సర్ ఇచ్చే వోల్టేజీ అన్నిటికన్నా తక్కువ. ముసలి సెన్సర్ ముందుగా అక్కడే ఓడిపోతుంది. కొన్ని కార్లలో హాల్ సెన్సర్ అనే మూడు వైర్ల వేరే రకం ఉంటుంది, దాన్ని ఇలా ఓముల్లో కొలవకూడదని మేస్త్రి గారు మరీ మరీ చెప్పారు.

కొత్త సెన్సర్ విషయంలో కూడా ఆయన పట్టుదల చూశాను. పక్క షాపులో నాలుగొందల యాభైకి దొరుకుతుంది. కుర్రాడు దాని పేరెత్తితే కసిరారు. సెన్సర్ కొసకూ చక్రం పళ్లకూ మధ్య సందు మిల్లీమీటరు అటూఇటూగా ఉండాలట, చవకరకంలో ఆ కొలత కుదరకపోతే కొత్తదే మొండికేస్తుందట. కంపెనీదే తెప్పించారు. సెన్సరు పదమూడు వందల యాభై, క్లిప్పూ వేడి తగలకుండా తొడిగే గొట్టమూ నూట యాభై, కూలి ఎనిమిదొందలు. మొత్తం రెండు వేల మూడొందలు.

బిల్లు కట్టబోతే "ఆగండి" అన్నారు. కుర్రాడు మళ్లీ పోరంకి దాకా తిప్పి తెచ్చాడు. మళ్లీ ఎండలో, మళ్లీ బానెట్ మూసి, మళ్లీ పన్నెండు నిమిషాలు. స్టార్టయింది. ఇంకోసారి. స్టార్టయింది. ఏ పరిస్థితిలో జబ్బు కనపడిందో అదే పరిస్థితిలో పోయిందని చూపించాకే డబ్బు తీసుకున్నారు. నా నెల రోజుల గోడంతటికీ మందు ఈ పన్నెండు నిమిషాలే.

ఇప్పుడు సెప్టెంబరు. మే, జూన్ ఎండలు అయిపోయాయి. ఒక్కసారి కూడా ఆగలేదు.

ఆ రెండో రోజు కూర్చున్నంతసేపూ ఇంకో రెండు బళ్లు చూశాను, అవీ స్టార్టింగ్ ఇబ్బందితో వచ్చినవే. ఒకటి స్టార్టయి రెండు సెకన్లకు ఆగిపోతోంది, డాష్‌బోర్డు మీద తాళంచెవి గుర్తు కొట్టుకుంటోంది. ఒక తాళం పోతే బజారులో డూప్లికేట్ చేయించుకున్నారట. చెవి గాట్లు సరిపోయాయి గానీ కారు గుర్తుపట్టడానికి లోపల ఉండాల్సిన చిప్పు లేదు. మేస్త్రి గారు ఆ బండి మీద చెయ్యి కూడా వేయకుండా, ఇంట్లో ఉన్న రెండో అసలు తాళం తెమ్మని పంపేశారు. రెండోది కొలవెన్ను వైపు నుంచి టోయింగ్ మీద వచ్చింది. ధాన్యం బస్తాల పక్కన నెల రోజులు నిలబడిన కారు. బానెట్ ఎత్తితే ఇంజన్ మీద గడ్డితో చక్కగా అల్లిన ఎలుక గూడు, పక్కనే ఇంజెక్టర్ల వైర్లు మూడు కొరికి ఉన్నాయి. ఆసామి పాపం ఊళ్లో కొత్త బ్యాటరీ వేయించుకునే వచ్చాడు. సెల్ఫ్ జోరుగా తిరుగుతుంటే బ్యాటరీని అనుమానించడం చివరి పని అని అతనికి ఎవరైనా చెప్పి ఉంటే బాగుండేది. నాకు కూడా.

ఇంటికొచ్చాక నేను తొమ్మిదొందలకు ఒక చిన్న ఓబీడీ స్కానర్ కొన్నాను. అగ్గిపెట్టెకన్నా కొంచెం పెద్దది, స్టీరింగు కింద గుచ్చితే బ్లూటూత్‌తో ఫోన్‌లో కనపడుతుంది. కోడ్లు చదవడానికే అయితే దాన్ని కొనమని చెప్పను. సెల్ఫ్ కొడుతున్నప్పుడు ఆర్పీఎం ఎంత, బ్యాటరీ వోల్టేజీ ఎంతకు పడింది, ఇంజన్ వేడి ఎంత, ఈ మూడూ కళ్లారా చూడటానికి మాత్రం చాలా పనికొస్తుంది. సెల్ఫ్ తిప్పుతున్నంతసేపూ వోల్టేజీ పది దగ్గర నిలబడితే బ్యాటరీ మీద ఖర్చు పెట్టనక్కర్లేదు. పెట్రోలు ఒత్తిడి మాత్రం నా కారులో ఇది చూపించదు, దానికి గేజీ ఉన్న మనిషే కావాలి.

ఒక జాగ్రత్త మేస్త్రి గారు నాకు చెప్పింది మీకూ చెప్తాను. అందుకోవడం లేదని సెల్ఫ్ పట్టుకుని ఆపకుండా తిప్పకండి. పది సెకన్లు కొట్టి, అర నిమిషం ఆగి కొట్టండి. సెల్ఫ్ మోటారు కాలిపోతుంది, ఒకవేళ పెట్రోలు పడుతూ నిప్పు లేకపోతే ప్లగ్గులు తడిసి జబ్బు మీద జబ్బు అవుతుంది. పెట్రోలు వాసన గుప్పున వస్తే యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి ఒకసారి కొట్టి చూడమన్నారు. అలా తొక్కితే చాలా కార్లలో కంప్యూటర్ పెట్రోలు ఆపేసి గాలి మాత్రమే పోనిస్తుందట.

షాపులో ఇబ్బందులు లేవా అంటే ఉన్నాయి. ఫోన్ ఎత్తరు, నాలుగుసార్లు చేస్తే ఒకసారి ఎత్తుతారు. కంప్యూటర్ బిల్లు ఉండదు. చిన్న చీటీ మీద రాసిస్తారు, ఇన్సూరెన్సుకో ఆఫీసుకో చూపించాలంటే పనికిరాదు. ఆడవాళ్లు గంటలకొద్దీ కూర్చోవడానికి అనువైన చోటు కాదు. బాత్‌రూమ్ కోసం నేను మెయిన్ రోడ్డు మీద హోటల్ దాకా నడిచి వెళ్లాను, ఈ ఒక్క విషయం మేస్త్రి గారికి మొహం మీదే చెప్పి వచ్చాను. డీజిల్ కార్లు ఆయన ముట్టుకోరు, వేరే వాళ్ల దగ్గరికి పంపిస్తారు. సాయంత్రానికి కారు కావాలనుకునేవాళ్లు అటు వెళ్లకపోవడమే మంచిది. రెండు రోజులన్నారంటే రెండు రోజులే.

పాత సెన్సర్ నాకే ఇచ్చేశారు, అడగకుండానే, కొత్తదాని డబ్బాలో పెట్టి. పాత గ్యారేజీలో తీసిన పంపు అడిగితే "పారేశామండీ" అన్నారు, అది బాగుందో లేదో ఇక ఎప్పటికీ తెలియదు. ఈ సెన్సర్‌ను జూలైలో క్లాసుకు పట్టుకెళ్లాను. తడవకుండా ప్లాస్టిక్ కవరులో చుట్టి, కెటిల్‌లో మరిగించిన నీళ్లలో ముంచి, రెండు వైర్లు మీటరుకు తగిలించాం. అయిదొందల పైచిలుకు నుంచి మెల్లగా పైకి పాకి, టక్కున మాయం. వెనక బెంచీ పిల్ల ఒకతె లేచి, "మేడం, మళ్లీ చల్లారనివ్వండి, వస్తుందేమో చూద్దాం" అంది. పీరియడ్ అయిపోయినా ఎవరూ కదల్లేదు. గంట కొట్టిన మూడు నిమిషాలకు అంకె తిరిగొచ్చింది.

మీలో ఎవరైనా వెళ్లాలనుకుంటే నన్ను అడగండి, దారి చెప్తాను. ఉదయం తొమ్మిదిన్నరలోపు వెళ్లండి. రెండో తాళం పట్టుకెళ్లండి. మీ కారు ఎప్పుడు, ఎక్కడ, ఎంతసేపు ఆపాక మొండికేసిందో ఒక కాగితం మీద రాసుకుని వెళ్లండి, ఆయన మొదట అడిగేది అదే.